విల్లును తుపాకియు

నర్సీపట్నమునుండి కృష్ణదేవిపేట మీదుగా కొయ్యూరునకు పోవు త్రోవను ఇటీవల మేము ప్రయాణము చేసితిమి. త్రోవ పొడవునను ఒక్కటే రూపము మాకు ఎదురగుచుండెను: కాషాయవస్త్రములు, గడ్డము, వీపున అమ్ములపొది, చేత విల్లు. అది అల్లూరి సీతారామరాజుగారి రూపమని చెప్పనక్కఱలేదు. మాతో వచ్చిన యువకుడొకడు ఒక విగ్రహము ముందు నిలిచి, “ఈ వింటితోనే కదా తెల్లవారి తుపాకులను గెలిచినాడు!” అని ఉప్పొంగెను. ప్రక్కనే చెట్టునీడను కూర్చున్న ముసలివా డొకడు ఆ మాట విని చిఱునవ్వు నవ్వి, “విల్లుతోనే గెలిచేస్తే మరి ఠాణాల మీదికెందుకెళ్ళినాడు బాబూ?” అనెను. యువకునికి సమాధానము తోచలేదు. మాకును వెంటనే తోచలేదు. తిరిగి వచ్చిన పిదప కూడ ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. ఈ వ్యాసము ఆ ముసలివానికి మేము బాకీపడిన సమాధానము.

విల్లు మేలా, తుపాకి మేలా యని అడుగుట పిల్లల తగవువలె కానవచ్చును. కాని దానిలో పెద్దల తగవొకటి దాగియున్నది. బలమనగా నేమి? అది ఆయుధములో నున్నదా, దానిని పట్టిన చేతిలో నున్నదా, లేక ఆ చేతికి వెనుక నిలిచిన దానిలో నున్నదా? ఓడినవానిని మనము పొగడునపుడు సత్యము చెప్పవలెనా, లేక మన మనస్సునకు ఇంపైన కథ చెప్పుకొన్న చాలునా? ఈ ప్రశ్నలను వరుసగా విచారింతము.

మొదట ఆయుధముల మాట. విల్లును తక్కువచేసి మాటలాడుట తెలియనితనము. నేర్పరియైన విలుకాడు నిమిషమునకు పది బాణములు విడువగలడు. మందు దట్టించి పేల్చెడి పాతకాలపు తుపాకితో అదే నిమిషములో రెండు మూడు గుండ్లకంటె ఎక్కువ వేయుట కష్టము. ఆ తుపాకి నూఱు గజములు దాటినచో గుఱి నిలుపలేదు. వాన తగిలిన దాని మందు మండదు. పేలినప్పుడు పొగయు చప్పుడును పేల్చినవాడెక్కడ నున్నాడో శత్రువునకు చాటిచెప్పును. బాణమునకు పొగ లేదు, చప్పుడు లేదు. వేసిన బాణమును ఏరుకొని మఱల వేయవచ్చును. అమెరికా స్వాతంత్ర్యయుద్ధకాలమున 1776లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తమ సేనాని చార్లెస్ లీకి ఒక జాబు వ్రాసి, తుపాకులు చాలని పక్షమున సైనికులకు విండ్లిచ్చుట మేలని ఇట్టి కారణములనే చూపెను. ఆయన విద్యుత్తును పరీక్షించిన శాస్త్రజ్ఞుడు. వెఱ్ఱిమాటలాడు వాడు కాడు. అయినను ఆ సలహాను ఎవరును పాటింపలేదు.

ఏల పాటింపలేదు? విల్లు నేర్చుటకు బాల్యమునుండి అభ్యాసము కావలెను. భుజము, వ్రేళ్ళు, చూపు, ఊపిరి అన్నియు ఏండ్ల తరబడి దానికి లొంగవలెను. తుపాకి పట్టుటకు కొన్ని వారములు చాలును. దున్నుచున్నవానిని నేడు పట్టితెచ్చి, నెల దాటకముందే వరుసలో నిలుపవచ్చును. వాడు చచ్చినచో మఱియొకని నిలుపవచ్చును. ఒక విలుకాడు చచ్చినచో అట్టివాడు మఱల తయారగుటకు ఇరువదియేండ్లు పట్టును. కావున తుపాకి గెలిచినది ఒక మనుష్యునిపై మఱియొక మనుష్యునికి ఆధిక్యము నిచ్చుటవలన మాత్రమే కాదు. మనుష్యులను లెక్కపెట్టి కొనగల ప్రభుత్వమునకు ఆధిక్యము నిచ్చుటవలన. 1526లో పానిపట్టున బాబరునకు తుపాకులును ఫిరంగులును తోడ్పడినవి. కాని ఆతని గుఱ్ఱపు విలుకాండ్రు కూడ ఆ విజయమున భాగస్వాములే. విల్లు ఒక్కనాడు ఓడిపోలేదు. మెల్లమెల్లగా, కార్ఖానాలును ఖజానాలును పెరిగినకొలది ఓడినది. పందొమ్మిదవ శతాబ్ది చివరకు తూటా ఇత్తడి తొడుగులోనికి చేరి వానకు భయపడుట మానినది. గొట్టములోని మెలికలవలన గుఱి వందలకొలది గజములకు సాగినది. తూటాల నొకదానివెంట నొకటి అందించు అర అమరినది. ఫ్రాంక్లిన్ చెప్పిన కారణములలో అటుపిమ్మట నిలిచినవి మిక్కిలి స్వల్పము.

ఆ మార్పునకు మూల్యము చెల్లించినవారు మన దేశపు అడవిజనులే. 1855లో సంతాలులు విండ్లతోను గొడ్డళ్ళతోను కుంపిణీవారి తుపాకుల కెదురు నిలిచిరి. 1900 జనవరిలో బిర్సా ముండా అనుచరులు కొండపైనుండి బాణములు వేయుచుండగా క్రిందినుండి తుపాకులు జవాబు చెప్పినవి. ధైర్యమున వారు ఎవరికిని తీసిపోలేదు. కాని ధైర్యము దూరమును తగ్గింపలేదు. బాణము చేరని చోటినుండి గుండు వచ్చినప్పుడు, వీరుడును పిఱికివాడును ఒకే తీరుగా కూలుదురు. ఇది చేదైన సత్యము. దీనిని పాటలతో కప్పిపుచ్చుట వీరులకు గౌరవము కాదు.

ఇక మన్యపు కథకు వత్తము. 1882 నాటి మద్రాసు అడవిచట్టము వచ్చినది మొదలు కొండవారి పోడుసేద్యము నేరమువలె చూడబడుచు వచ్చెను. తాతలనాడు కాల్చి విత్తిన కొండచరియపై తాను విత్తుటకు మనుమడు జరిమానా కట్టవలసిన దినములు వచ్చినవి. దానికి తోడు ఘాటు రోడ్ల పనికి జనమును తోలుకొనిపోయి, న్యాయమైన కూలి ఇయ్యక చేయించిన చాకిరి. గూడెము ప్రాంతపు తాలూకా అధికారి బాస్టియను పేరు ఈ బాధలతో పెనవేసికొని నేటికిని చెప్పబడుచున్నది. సీతారామరాజుగారు మొదట కల్లు మానుడనియు, తగవులను పంచాయతీలలో తీర్చుకొనుడనియు బోధించిరి. గాంధీగారి యుద్యమమునందు ఆయనకు గౌరవము కలదు. తుదకు ఆయుధమే శరణ్యమని నిశ్చయించిన పిదప, ఆయన మొట్టమొదట చేసిన పని యేమి?

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి: మూడు దినములలో మూడు పోలీసు ఠాణాలు. చేజిక్కినవి 26 తుపాకులును, రెండువేలకు పైబడిన తూటాలును. తీసికొన్నవానిని ఠాణా పుస్తకములో వ్రాసి సంతకము చేసెనని ప్రసిద్ధి. దొంగ సంతకము చేయడు. కాని మన విచారణకు ముఖ్యమైనది సంతకము కాదు, తుపాకులే. విల్లు చాలునని నమ్మిన నాయకుడు ఠాణాలలో తుపాకులకొఱకు వెదుకడు. తనవారి విలువిద్యను ఆయన ఎఱుగనివాడు కాడు. ఎఱిగియే దాని హద్దును కూడ ఎఱిగెను. ఆ ముసలివాని నవ్వునకు అర్థమిదియే. విగ్రహము చేసినవారికంటె విగ్రహమైనవానికి విల్లును గూర్చి ఎక్కువ తెలియును.

మఱుసటి నెల 24వ తేదీని దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డు, హైటరు అను ఇరువురు ఆంగ్ల పోలీసు అధికారులు పొంచియున్న రాజుగారి దళపు గుండ్లకు కూలిరి. వారి సమాధులు నర్సీపట్నమున నున్నవి. ఆ దినమున ముందుగా నడచిన భారతీయ పోలీసులను పోనిచ్చి, వెనుక వచ్చిన దొరలను మాత్రము కొట్టిరని చెప్పుదురు. తన దేశస్థుల నెత్తురు చిందింపవలదని రాజుగారు తనవారికి ఆజ్ఞ యిచ్చియుండిరి. ఇచట విల్లునకును తుపాకికిని గల వాదము మఱియొక దారి పట్టుచున్నది. ఆ కనుమలో గెలిచినది తుపాకి మాత్రమేనా? కొండమలుపు తెలిసిన కన్ను, అలికిడి లేక గంటలకొలది పొంచియుండగల ఓర్పు, ఎవరిని విడువవలెనో ఎవరిని కొట్టవలెనో ఎంచుకొను నిగ్రహము: ఇవి అన్నియు వేటకానివి, విలుకానివి. చేతిలోని వస్తువు మాత్రము సర్కారుది. ఏండ్ల అభ్యాసమును కొనితెచ్చిన యంత్రమును ఒక్కచోట కలిసినప్పుడు, కొలదిమంది కొండవారు ఒక సామ్రాజ్యపు పోలీసుబలమును నెలల తరబడి నిలువరింపగలిగిరి.

కాని “ఎరువు సొమ్ము బరువు చేటు” అని మన పెద్దలు ఊరక అనలేదు. బాణమునకును తూటాకును గల భేదము తగిలెడి దెబ్బలో కంటె పుట్టెడి చోటులో ఎక్కువ కలదు. విల్లునకు కావలసిన వెదురు కొండమీదనే పెరుగును. బాణపు ములికిని ఊరి కమ్మరి సాగగొట్టును. విల్లు విరిగిన మఱునాటికి మఱియొక విల్లు తయారగును. తూటా మాత్రము మన్యములో పుట్టదు. అది ఎక్కడనో కార్ఖానాలో పుట్టి, పడవమీదను రైలుమీదను వచ్చి, ఠాణా పెట్టెలో నుండవలెను. పేల్చిన ప్రతి తూటాయు తిరిగిరాని తూటా. శత్రువు పెట్టె తెఱచియున్నంతవఱకే తిరుగుబాటుదారుని తుపాకి తుపాకి. పెట్టె మూతపడిన నాడు అది ఇనుపగొట్టము. ఈ సంగతిని సర్కారువారు త్వరలోనే గ్రహించిరి. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరము ఠాణాలపైకి రాజుగారు పోయినప్పుడు మునుపటివలె ఆయుధములు దొరకలేదు. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెము చెంత జరిగిన పోరులో ఆయన కొందఱు అనుచరులను పోగొట్టుకొనెను. మలబారు ప్రత్యేక పోలీసులు వచ్చిరి. అటుపిమ్మట 1924లో అస్సాము రైఫిల్సు దళము వచ్చెను. ఆ సంవత్సరము ఏప్రిలులో రూథర్‌ఫర్డు విశేషాధికారములతో వచ్చి, పల్లెలనుండి అన్నమును వార్తయు అందకుండ త్రోవలు బిగించెను. ఈ పితూరీని అణచుటకు నలువది లక్షల రూపాయలకు పైగా వ్యయమైనదని చెప్పుదురు. 26 తుపాకులను గెలిచినవి ఎక్కువ మంచి తుపాకులు కావు. నలువది లక్షలును, వానిని వెచ్చింపగల యేర్పాటును.

ఈ సందర్భమున భారతములోని ఏకలవ్యుడు జ్ఞప్తికి వచ్చుచున్నాడు. ద్రోణుడు ఆ నిషాదుని విల్లు నడుగలేదు. అడిగినను ప్రయోజనము లేదు. ఏకలవ్యుడు మఱునాడు మఱియొక విల్లు చేసికొనును. ఆతని విద్య విల్లులో లేదు, దేహములో నున్నది. కావుననే అంగుష్ఠము నడుగవలసి వచ్చెను. తుపాకివాని బొటనవ్రేలిని కోయనక్కఱలేదు. ఒక కాగితము చాలును. 1878 నాటి ఆయుధచట్టము ఆ కాగితమే. తెల్లవారికి మినహాయింపు, నల్లవారికి లైసెన్సు. ఒక్కని దేహమునకు హాని చేయకయే దేశమంతటి బొటనవ్రేలిని ఆ చట్టము దక్షిణగా గైకొనెను. విల్లు బలహీనమైన ఆయుధమే, కాని దానిని పట్టినవానిది. తుపాకి బలమైన ఆయుధమే, కాని దానిని పట్టినవానిది కాదు; తూటా లిచ్చువానిది. మా విచారణలో మాకు దొరకిన ముఖ్యవిషయ మిది.

ఇక కొయ్యూరు. 1924 మే 7వ తేదీని మంప గ్రామము చెంత సీతారామరాజుగారు పట్టువడిరి. పట్టువడినవానిని కొయ్యూరునకు తెచ్చిరి. ఆయన అక్కడనే కాల్చబడెను. పారిపోవ యత్నించగా కాల్చితిమని అధికారుల మాట. చెట్టునకు కట్టి కాల్చిరని జనుల మాట. ఏ మాటను నమ్మినను ఒక సంగతి మాఱదు: న్యాయస్థానము లేదు, విచారణ లేదు, తీర్పు లేదు. అప్పటికి విల్లు లేదు. ఠాణాలలో గెలిచిన తుపాకి లేదు. ఒకవైపున నిరాయుధుడైన బందీ. ఒకవైపున నిండిన తుపాకి. యుద్ధమునందు ఏ ఆయుధము మేలని తర్కించుటకు ఇక్కడ అవకాశమే లేదు. నూఱు గజముల గుఱియు వేయి గజముల గుఱియు ఇక్కడ ఒక్కటే. తుపాకికి సామర్థ్యము అవసరము లేని చోట దానిని పేల్చిరి. ఏ శాసనము పేర సంవత్సరములు పోరాడితిమని సర్కారువారు చెప్పుకొనిరో, ఆ శాసనమునే తమ తుపాకితో కొట్టిరి. ఆ దినమున కొయ్యూరులో ఓడినది రాజుగారు మాత్రమే యని మేము తలంపము.

ఇందుకు కొందఱు, “చూడుడు, తుపాకి అధర్మమైనది, విల్లు ధర్మమైనది. ప్రాచీనులు ఎదురెదుర నిలిచి పోరిరి” అందురు. మేము అట్లు అనజాలము. చెట్టుచాటునుండి వాలిని కొట్టినది బాణమే. ధర్మము వెదురులో లేదు, ఇనుములో లేదు. దామనపల్లి కనుమలో అదే సర్కారు తుపాకి, చేతికందిన మనుష్యులను పోనిచ్చినది. కొయ్యూరులో అదే జాతి తుపాకి, చేతికి చిక్కిన బందీని విడువలేదు. ఇనుము ఒక్కటే, పట్టిన మనస్సులు వేఱు. అయినను ఒక్కమాట ఒప్పుకొనవలెను. ఆయుధము ఎంత సులువైనదో, దానిని ఎత్తుటకు ముందు ఆలోచించు అవకాశము అంత తక్కువ. విల్లు వంచుటకు దేహమంతయు పూనుకొనవలెను. మీట నొక్కుటకు ఒక వ్రేలు చాలును. బలము పెరిగినకొలది నిగ్రహము కూడ పెరుగనిచో, ఆ బలము ముందుగా బందీలపైననే ప్రయోగింపబడును.

మఱికొందఱు, “విల్లు ఒక చిహ్నము. చిహ్నమునకు ఇంత తర్కమేల?” అని అడుగవచ్చును. చిహ్నమును మేము కాదనము. 2022లో ఆయన పేర జిల్లా యేర్పడుటయు, కొయ్యూరు ఆ జిల్లాలో చేరుటయు మాకును సంతోషమే. కాని చిహ్నము మెల్లగా అభిప్రాయమగును, అభిప్రాయము విధానమగును. కొండవాడనగా విల్లు పట్టినవాడని మైదానమువారు నేర్చుకొందురు. సభలలో అతనికి విల్లిచ్చి, ఈకల కిరీటము పెట్టి, డప్పు వాయించి ఆడుమందురు. అతడు భూమి పట్టా గుఱించి నోరు తెఱచినప్పుడు మాత్రము, “ఇది మీకు తెలియదు, కూర్చుండుడు” అందురు. విల్లును పూజించుట సులభము. అది ఎవరిని భయపెట్టదు. ఠాణా పుస్తకములో సంతకము చేసిన చేయిని గౌరవించుట కష్టము. అది లెక్క అడుగును. రాజుగారిని విల్లునకు పరిమితము చేయుటవలన మనము ఆయనను గొప్పచేయుట లేదు. ఆయన తన కాలపు బలమును తన కాలపు కన్నులతో చూచి, అది ఎక్కడ నున్నదో అక్కడికి నడచిన మనుష్యుడని మఱచుచున్నాము.

మన్యములో నేడును చైత్రమున ఇటుకల పండుగ వచ్చును. మగవారు అడవికి బయలుదేరుదురు. 1972 నాటి వన్యమృగచట్టము వచ్చిన పిదప వేట నిషిద్ధము. విలువిద్య ఆచారముగా నిలువవచ్చును, ఆటగా నిలువవచ్చును. అది నిలువవలెననియే మా కోరిక. కాని ఈనాటి కొండవాని బ్రతుకు ఏ ఆయుధముపై ఆధారపడియున్నది? ఏజెన్సీ భూములు గిరిజనేతరుల పాలు కాకుండ చేసిన 1970 నాటి ఒకటవ రెగ్యులేషనుపై. అడవిలో దున్నుకొనువానికి హక్కును గుర్తించిన 2006 నాటి చట్టముపై. 1882లో కాగితముతో పోయినది 2006లో కాగితముతోనే కొంత తిరిగి వచ్చెను. ఆ కాగితమును చదువగలవాడు, సర్వే రాళ్ళ లెక్క తెలిసినవాడు, దరఖాస్తు త్రోసిపుచ్చినప్పుడు కారణము వ్రాసియిమ్మని అడుగగలవాడు ప్రతి గూడెములో ఒక్కడైన నున్నాడా? లేనిచో ఈ చట్టములు కూడ ఎరువు తుపాకులే. తూటాలిచ్చు పెట్టె తాళము మఱల మైదానమువాని చేతనే యుండును.

గాము మల్లుదొర కథ ఈ సందర్భమున చెప్పదగినది. ఆయన రాజుగారి ముఖ్యానుచరులలో నొకడు. ఆయన సోదరుడు గంటందొర 1924లోనే నేలకొరగెను. మల్లుదొర పట్టువడి ఏండ్ల తరబడి చెఱలో మ్రగ్గి, బ్రతికి బయటపడి, స్వతంత్రభారతపు తొలి యెన్నికలలో 1952లో విశాఖపట్నమునుండి లోకసభకు ఎన్నికయ్యెను. విల్లు పట్టు జాతిలో పుట్టి, తుపాకి పట్టి, తుదకు చీట్లతో గెలిచిన మనుష్యుడు. ఈ మూడింటిలో ఏది మేలని ఆయనను అడిగియుండినచో ఏమి చెప్పియుండెడివాడో! మా మటుకు మేము తలంచునది యిది: ఏది పట్టినను, దానిని తానే చేసికొనగలిగియుండవలెను, లేదా దాని తాళము తన చేత నుండవలెను.

మఱల కొయ్యూరు త్రోవను పోయినచో ఆ ముసలివానిని వెదకి, ఠాణాలకు ఏల పోయెనో మాకు తెలిసినదని చెప్పవలెనని యున్నది. అతడు మఱల నవ్వి, “తెలిస్తే మరి మా పిల్లల బడి సంగతేటి బాబూ?” అని అడిగినచో, అప్పుడు చెప్పుటకు మాయొద్ద ఏమి యుండవలెనో చదువరులును మాతోకూడ ఆలోచింపవలెనని కోరుచున్నాము.